ఆట ఇష్టం లేని విజేతలు



ఆండ్రీ అగస్సీ ఆత్మకథ 2009 నవంబరులో వచ్చింది. అప్పటికి అతను టెన్నిస్ నుంచి తప్పుకుని మూడేళ్లయింది. ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బంగారు పతకం, ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు అన్నీ చూసినవాడు. అలాంటి ఆటగాడు పుస్తకం తొలి పేజీల్లోనే తనకు టెన్నిస్ అంటే అసహ్యమని రాశాడు. నిన్నా మొన్నా పుట్టిన విసుగు కాదు, చిన్నప్పటి నుంచీ అంతేనట. చదివినవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఇష్టం లేనివాడు ఇరవయ్యేళ్లు ఎలా ఆడాడు? ఇష్టం లేకుండా వింబుల్డన్ ఎలా గెలిచాడు?

ఆ ప్రశ్నలకు జవాబు లాస్ వెగాస్‌లో వాళ్ల పెరట్లో ఉంది. తండ్రి మైక్ అగస్సీ ఇరాన్‌లో పుట్టిన బాక్సర్. 1948, 1952 ఒలింపిక్స్‌లో ఇరాన్ తరఫున బరిలోకి దిగాడు. అమెరికా వెళ్లి కాసినోలో ఉద్యోగం చేస్తూ, పిల్లల్లో ఒక్కరినైనా టెన్నిస్‌లో ప్రపంచ నంబర్ వన్ చేయాలని పట్టుబట్టాడు. ఉయ్యాల మీద టెన్నిస్ బంతులు వేలాడదీశాడు. చంటివాడి చేతికి పింగ్‌పాంగ్ బ్యాట్ కట్టాడు. ఇంటి వెనక ఎడారి నేలలో కోర్టు వేయించాడు. పెద్ద పిల్లల్లో ఒకరి తర్వాత ఒకరి మీద ప్రయోగం జరిగింది, ఫలించలేదు. చివరికి వంతు నలుగురిలో చిన్నవాడైన ఆండ్రీకి వచ్చింది.

బంతులు విసిరే యంత్రాన్ని మైక్ తన చేత్తోనే మార్చి, ఎత్తుగా నిలబెట్టాడు. బంతి పైనుంచి ఏటవాలుగా, గంటకు 110 మైళ్ల వేగంతో వచ్చి పడేది. ఏడేళ్ల పిల్లవాడు ఆ యంత్రాన్ని డ్రాగన్ అని పిలుచుకునేవాడు. రోజుకు 2,500 బంతులు కొట్టాలి. వారానికి 17,500. అలా కొడితే ఏడాదికి దాదాపు పది లక్షలు. ఏడాదికి పది లక్షల బంతులు కొట్టిన పిల్లవాడిని ఎవరూ ఓడించలేరని తండ్రి లెక్క. ఆ లెక్క చాలావరకు నిజమైంది కూడా. అయితే అందులో పిల్లవాడి ఇష్టానికి పద్దు లేదు.

పదమూడో ఏట అగస్సీని ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌కు, నిక్ బొలెటియరీ అకాడమీకి పంపారు. అక్కడ చదువు అటకెక్కింది. జుట్టుకు రంగులు, చెవులకు పోగులు, కోర్టులో జీన్స్ నిక్కర్లు. ప్రపంచం వాటిని స్టైల్ అనుకుంది. అవి తాను చేసిన తిరుగుబాటు అని అగస్సీ ఆ తర్వాత రాశాడు. అక్కడి నుంచి బయటపడే దారి వెతికాడు, దొరికినది మాత్రం ఒక్కటే: బాగా ఆడి ప్రొఫెషనల్ అయిపోవడం. 1986లో పదహారేళ్లకే ఆ పని చేశాడు. ఆట నుంచి పారిపోవడానికి ఆటనే పట్టుకోవాల్సి రావడం ఈ కథలో అన్నిటికన్నా బాధ పెట్టే సంగతి.

1992 వింబుల్డన్ ఫైనల్లో గోరాన్ ఇవానిసెవిచ్ మీద ఐదు సెట్లు ఆడి గెలిచాడు. అది అతని మొదటి గ్రాండ్‌స్లామ్. ఇంటికి ఫోన్ చేస్తే, నాలుగో సెట్ ఎందుకు పోగొట్టుకున్నావని తండ్రి అడిగాడట. 1995 ఏప్రిల్లో నంబర్ వన్ అయ్యాడు. ఆ వార్త విన్నప్పుడు తనలో ఏ చలనమూ లేదని, ఆ లక్ష్యం ఎప్పుడూ తనది కాదని రాసుకున్నాడు. తండ్రికి కావలసినది దొరికింది. సాధించిన కొడుక్కి మాత్రం అందులో తన వంతు ఏమిటో తెలియలేదు.

పోటీ క్రీడల గురించి మనం చెప్పుకునే మాటల్లో ఒకదాన్ని ఎవరూ తరచి చూడరు. గొప్పగా ఆడేవాళ్లకు ఆట మీద ప్రాణమని, ఆ ప్రేమే వాళ్లను తెల్లవారుజామున నిద్ర లేపుతుందని అంటాం. టీవీలో ప్రతి విజేతా అదే చెబుతాడు, ప్రతి వ్యాఖ్యాతా అదే అడుగుతాడు. నిజానికి నైపుణ్యం పెరిగే దారి ఒకటి, ఇష్టం పెరిగే దారి మరొకటి. కొందరిలో రెండూ కలిసి నడుస్తాయి. కొందరిలో చెయ్యి ఆరితేరుతుంది, మనసు మొదలైన చోటే ఆగిపోతుంది. పదేళ్ల వయసులో రాష్ట్ర చాంపియన్ అయిన పిల్లకు పన్నెండో ఏట విసుగు పుడితే, ఆ మాట చెప్పుకోవడానికి ఎవరున్నారు? కోచ్‌కు పతకం కావాలి. అమ్మానాన్నలు అప్పటికే పెట్టవలసినదంతా పెట్టేశారు. బళ్లో అందరూ ఆమెను ఆ ఆట పేరుతోనే గుర్తుపడతారు.

దీన్ని శాస్త్రవేత్తలు పట్టించుకోక పోలేదు. అమెరికాలోని కొలరాడోకు చెందిన సామాజిక శాస్త్రవేత్త జే కోక్లీ 1992లో ఒక వ్యాసం ప్రచురించాడు. చిన్న వయసులోనే పైస్థాయికి చేరి, ఉన్నట్టుండి ఆట మానేసిన 15 మంది యువ క్రీడాకారులతో మాట్లాడి రాసిన వ్యాసం అది. వాళ్లు ఒత్తిడి తట్టుకోలేక పారిపోయారన్న మామూలు వివరణ అతనికి సరిపోలేదు. ఆ పిల్లలకు ఆటగాడు అన్న ఒక్క గుర్తింపు తప్ప మరొకటి ఏర్పడే వీలే లేదనీ, తమ జీవితంలో ఏ నిర్ణయమూ తమ చేతుల్లో లేదనీ, మానేయడం ఒక్కటే వాళ్లు సొంతంగా చేయగలిగిన పని అయిందనీ అతను తేల్చాడు. లోపం పిల్లల్లో ఉందా, వాళ్ల చుట్టూ కట్టిన ఏర్పాటులో ఉందా అన్నది అతని ప్రశ్న.

ఐదేళ్లకు, 1997లో, థామస్ రేడిక్ అనే క్రీడా మనస్తత్వ శాస్త్రవేత్త 13 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్న 236 మంది ఈతగాళ్లను పరిశీలించాడు. ఈత ఎందుకు సాగిస్తున్నారన్నది అతను వెతికిన విషయం. కొందరు ఇష్టంతో ఈదుతున్నారు. మరికొందరి సంగతి వేరు. ఆనందం తగ్గిపోయింది, అయినా ఇంతకాలం పెట్టిన శ్రమ వృథా అవుతుందన్న భయం, నలుగురూ ఏమంటారోనన్న బెరుకు, దీన్ని వదిలితే ఇంకేం చేయాలో తెలియని అయోమయం వాళ్లను కొలనులోనే ఉంచాయి. చిక్కుకుపోయారన్నమాట. మానసిక అలసట, ఆట పట్ల విముఖత అందరికంటే ఎక్కువగా కనిపించినది వీళ్లలోనే. వీళ్లు గైర్హాజరు కారు, టైముకే వస్తారు, చెప్పిన ల్యాపులన్నీ ఈదుతారు. గట్టు మీద నిలబడి చూసేవాళ్లకు వీళ్లకూ పక్క లేన్‌లో ఇష్టంగా ఈదే పిల్లలకూ తేడా ఏం తెలుస్తుంది?

తెలుగు ఇళ్లకు ఈ చిక్కు కొత్త కాదు. లెక్కలంటే మనసు లేకపోయినా ఐఐటీ కోచింగ్ హాస్టల్లో నాలుగింటికి లేచి కూర్చునే కుర్రవాడి పరిస్థితీ ఇదే. అతను ర్యాంకు తెచ్చుకుంటే ఇష్టంగా చదివాడనే అందరం అనుకుంటాం.

తండ్రి పట్టుదల స్థానంలో ప్రభుత్వం ఉంటే ఏమవుతుందో చైనా టెన్నిస్ క్రీడాకారిణి లీ నా జీవితం చెబుతుంది. 1982లో వుహాన్‌లో పుట్టింది. తండ్రికి బ్యాడ్మింటన్ ప్రాణం. సాంస్కృతిక విప్లవం రోజుల్లో అతని క్రీడా జీవితం ముందుకు సాగలేదు. కూతురిని బ్యాడ్మింటన్‌లో పెట్టాడు. ఆమెకు తొమ్మిదేళ్లు నిండకముందే, ఈ పిల్ల టెన్నిస్‌కైతే బాగుంటుందని కోచ్‌లు నిర్ణయించారు. అప్పట్లో చైనాలో టెన్నిస్ ఎంతమందికి తెలుసని! అయినా మార్చేశారు. ఆమెను అడిగినవాళ్లు లేరు. శిక్షణలో తిట్లు మామూలు, మెచ్చుకోలు అరుదు. పద్నాలుగో ఏట తండ్రి చనిపోయాడు. ఆయన కోసం ఆడుతున్నానన్న ఆ ఒక్క ఊతమూ పోయింది, ఆట మాత్రం మిగిలింది.

2002 నాటికి ఆమె చైనాలో మొదటి వరస క్రీడాకారిణి. ఆ ఏడాదే శిక్షణ కేంద్రం వదిలి వెళ్లిపోయి, వుహాన్‌లోని హువాజోంగ్ విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదవడానికి చేరింది. దాదాపు రెండేళ్లు మామూలు విద్యార్థినిగా బతికింది. 2004లో చైనా టెన్నిస్ సంస్థ పగ్గాలు చేపట్టిన సున్ జిన్‌ఫాంగ్ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. సున్ ఒకప్పటి వాలీబాల్ తార, శిక్షణ కేంద్రాల రుచి తెలిసిన మనిషి. దేశం కోసం రమ్మని ఒత్తిడి చేయలేదట, నీ కోసం నువ్వు ఆడి చూడకూడదా అని అడిగిందట. లీ నా తిరిగి వచ్చింది.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని కాదు. టోర్నీల్లో గెలిచిన డబ్బులో 65 శాతం వరకు ప్రభుత్వానికే పోయేది. కోచ్‌ను పైవాళ్లే నియమించేవాళ్లు. 2008 చివర్లో ఆమెకూ మరికొందరికీ సొంతంగా కోచ్‌ను పెట్టుకునే, సొంతంగా టోర్నీలు ఎంచుకునే వెసులుబాటు ఇచ్చారు. ప్రభుత్వ వాటా 8 నుంచి 12 శాతానికి తగ్గింది. మూడేళ్లు తిరక్కుండానే, 2011లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి, గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ నెగ్గిన మొదటి ఆసియా వ్యక్తి అయింది. చైనాలో 11 కోట్ల మందికి పైగా ఆ మ్యాచ్ చూశారు. 2014లో ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా గెలిచి, అదే ఏడాది మోకాళ్లు సహకరించక విరమించింది. నిర్ణయాలు తన చేతికి వచ్చాకే ఆమె శిఖరానికి చేరింది. దీన్ని కాకతాళీయం అనడానికి మనసొప్పదు.

లీ నా పుట్టిన ఏడాదే, డిసెంబరులో, జోధ్‌పూర్‌లో క్రికెటర్ మిథాలీ రాజ్ పుట్టింది. తమిళ కుటుంబం, పెరిగినది సికింద్రాబాద్‌లో. తండ్రి దొరైరాజ్ వాయుసేనలో పనిచేసినవారు. పొద్దున్నే లేవడం ఆయనకు క్రమశిక్షణ, కూతురికేమో తెల్లారినా పక్క దిగడం బద్ధకం. ఆ బద్ధకం వదిలించడానికి, కొడుకు మిథున్ వెళ్లే సెయింట్ జాన్స్ క్రికెట్ శిబిరానికి ఆమెనూ తీసుకెళ్లడం మొదలుపెట్టారు. అప్పటికే ఆమె భరతనాట్యం నేర్చుకుంటోంది. మనసంతా నాట్యం మీదే. నర్తకి కావాలన్నది ఆమె కోరిక. బౌండరీ దగ్గర ఊరికే కూర్చోకుండా ఆ పిల్ల నాలుగు బంతులు ఆడితే, కోచ్ జ్యోతిప్రసాద్ కంట పడింది. ఆయన తండ్రితో చెప్పి, సంపత్ కుమార్ దగ్గరకు పంపించారు. అక్కడితో ఆటవిడుపు అయిపోయింది, సాధన మొదలైంది.

సంపత్ కుమార్ చాలా కఠినమైన కోచ్ అని పేరు. ఈ అమ్మాయి దేశానికి ఆడుతుందని చిన్న వయసులోనే గుర్తించారు. ఇంట్లో పెద్దవాళ్లకు ఆడపిల్ల ఎండలో క్రికెట్ ఆడటం నచ్చలేదు. నాట్యానికీ క్రికెట్‌కూ టైము చాలని రోజు వచ్చింది, నాట్యం ఆగిపోయింది. క్రికెట్ తన ఎంపిక కాదని, నాన్న ఎంపిక అని మిథాలీ దాచుకోకుండా పలు ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఆట మీద ఇష్టం పరుగులతో పాటు నెమ్మదిగా వచ్చిందనీ చెప్పింది. 1999 జూన్‌లో ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఐర్లండ్ మీద తొలి వన్డే ఆడి 114 పరుగులతో అజేయంగా నిలిచినప్పుడు ఆమెకు పదహారేళ్లు. 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్ మీద చేసిన 214 అప్పటికి మహిళల టెస్టుల్లో ప్రపంచ రికార్డు. 2022 జూన్‌లో ఆట విరమించేనాటికి 232 వన్డేల్లో 7,805 పరుగులు చేసింది. ప్రపంచంలో మరే మహిళా అప్పటికి అన్ని వన్డే పరుగులు చేయలేదు.

ఈ కథను తండ్రి పట్టుదల గెలిచిన కథగా చెప్పుకోవడం తేలిక, చాలామంది అలాగే చెప్పుకుంటారు కూడా. అగస్సీ కథ విన్న చెవులతో ఇది వింటే వేరే ప్రశ్న లేస్తుంది. ఇద్దరినీ ఆటలోకి తెచ్చింది తండ్రులే. ఒకరిలో ఇష్టం మొలిచింది, ఒకరిలో మొలవలేదు. ఎందుకు? మిథాలీకి ఆటకు బయట కూడా ఒక లోకం ఉండేదన్నది ఒక కారణం కావచ్చు. నాట్యం ఆగినా పుస్తకం ఆగలేదు. 2017 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్‌తో మ్యాచ్‌కు ప్యాడ్లు కట్టుకుని, బ్యాటింగ్ వంతు కోసం ఎదురుచూస్తూ, ఆమె రూమీ కవితల పుస్తకం చదువుతూ టీవీ కెమెరాలకు కనిపించింది. ఆ తర్వాత లేచి వెళ్లి 71 పరుగులు చేసింది. అగస్సీకి పదమూడేళ్ల నాటికి టెన్నిస్ తప్ప మరేమీ మిగలనివ్వలేదు. ఏమైనా, పిల్లల్లో ఇష్టం మొలుస్తుందో లేదో ముందుగా ఎవరూ చెప్పలేరు. మొలిచినవాళ్ల పేర్లే మనకు తెలుస్తాయి. మొలవనివాళ్లు జిల్లా స్థాయిలోనో రాష్ట్ర స్థాయిలోనో ఆగిపోతారు, వాళ్ల మీద వ్యాసాలు రావు.

క్రికెటర్ యువరాజ్ సింగ్‌కు చిన్నప్పుడు రోలర్ స్కేటింగ్ ఇష్టం. అండర్-14 జాతీయ పోటీల్లో పతకం తెచ్చుకుని ఇంటికొస్తే, తండ్రి యోగ్‌రాజ్ సింగ్ ఆ పతకాన్నీ స్కేట్లనూ విసిరేసి, ఇక క్రికెట్ మాత్రమే ఆడాలన్నాడు. యోగ్‌రాజ్ భారత్ తరఫున ఆడినది ఒకే ఒక్క టెస్టు, ఆరు వన్డేలు. కొడుకు అంతకు ఎన్నో రెట్లు ఎదిగాడు. 2011 ప్రపంచ కప్‌లో 362 పరుగులు, 15 వికెట్లతో టోర్నీకే ఉత్తమ ఆటగాడయ్యాడు. 2019 జూన్‌లో విరమణ ప్రకటిస్తూ క్రికెట్‌తో తనది ప్రేమ, ద్వేషం కలగలిసిన బంధమని అన్నాడు. తండ్రి తనకు జీవితమంతా ఒక డ్రాగన్‌లా ఉండేవాడనీ, ఇటీవలే ఆయనతో కూర్చుని మాట్లాడాక మనసు కుదుటపడిందనీ చెప్పాడు. లాస్ వెగాస్ పెరట్లో ఏడేళ్ల పిల్లవాడు ఒక యంత్రానికి పెట్టుకున్న పేరు, ముప్పై ఏడేళ్ల భారత క్రికెటర్ నోట తండ్రి గురించి వచ్చింది.

అందరి విముఖతా ఒక్క రకం కాదు. అలసటను అయిష్టమని పొరబడేవాళ్లున్నారు, అయిష్టాన్ని అలసట అని సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. 2022లో విరాట్ కోహ్లీ నెల రోజుల పాటు బ్యాట్ ముట్టుకోలేదు. పదేళ్లలో ఎప్పుడూ అలా ఉండలేదనీ, లేని ఉత్సాహాన్ని తెచ్చిపెట్టుకుంటున్నానని గ్రహించాననీ ఆసియా కప్‌కు ముందు చెప్పాడు. అదే టోర్నీలో, సెప్టెంబరు 8న, అఫ్గానిస్థాన్ మీద 122 పరుగులతో అజేయంగా నిలిచాడు. దాదాపు మూడేళ్ల తర్వాత వచ్చిన అంతర్జాతీయ సెంచరీ అది. విశ్రాంతితో ఉత్సాహం తిరిగి వచ్చింది కాబట్టి అతనిది అలసటే. విశ్రాంతి ఇచ్చినా తిరిగి రాకపోతే, మైదానం పేరు చెబితేనే పిల్లవాడి ముఖం మాడిపోతుంటే, అది వేరే సంగతి. ఆ తేడా కనిపెట్టాలంటే ముందు విశ్రాంతి అంటూ ఇవ్వాలి. పదమూడేళ్ల పిల్లలకు నెల రోజులు సెలవిచ్చే అకాడమీలు మన దగ్గర ఎన్ని ఉన్నాయి? కోహ్లీకి దొరికినది వాళ్లకూ దొరకాలని కోరుకోవడం అత్యాశ కాదు.

ఇంకో రకం ఉంది, దాన్ని జాలిగా చూడనవసరం లేదు. టాటెన్‌హామ్ క్లబ్‌కు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడిన బెన్వా అసు ఎకోటో 2010లో గార్డియన్ పత్రికతో మాట్లాడుతూ, ఫుట్‌బాల్ తనకు ఉద్యోగమని, డబ్బు కోసమే ఆడుతున్నానని చెప్పేశాడు. అందరూ దానికే ఆడతారు, ఒప్పుకోవడమే కష్టమని అతని అభిప్రాయం. అలాగని పనిలో లోటు చేయలేదు. కామెరూన్ తరఫున రెండు ప్రపంచ కప్‌లలో ఆడాడు. అభిమానులు అతన్ని ఆదరించారు కూడా. రైల్వేలోనో, పోలీసు శాఖలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం కోసం ఆడే మన పల్లెటూరి కబడ్డీ ఆటగాడికి ఈ మాటలు బాగా అర్థమవుతాయి. అతనికి ఆట మీద ప్రేమ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఇంటికి జీతం తెచ్చే పనిని నిజాయితీగా చేస్తున్నాడు. గుమాస్తాను ఫైళ్లంటే ప్రాణమా అని ఎవరూ అడగరు. ఆటగాడిని అడగడం, లేదంటే తప్పు పట్టడం న్యాయం కాదు.

తప్పు పట్టడం ఎలా ఉంటుందో ఆస్ట్రేలియా టెన్నిస్ ఆటగాడు బెర్నార్డ్ టోమిక్ చూశాడు. 2017 వింబుల్డన్ మొదటి రౌండ్లో ఓడాక, తనకు విసుగ్గా ఉందని విలేకరుల ముందే అన్నాడు. గాయం లేకపోయినా వైద్య సిబ్బందిని పిలిపించానని కూడా ఒప్పుకున్నాడు. 15,000 డాలర్ల జరిమానా పడింది. రాకెట్ల కంపెనీ ఒప్పందం రద్దు చేసుకుంది. నాటకమాడి వైద్యులను పిలవడం తప్పే, దానికి శిక్ష ఉండాలి. విసుగ్గా ఉందని చెప్పినందుకు కూడా జనం అంతే కోపగించుకున్నారు. ఆ కోపం చూసిన పదిహేనేళ్ల క్రీడాకారుడు ఏం నేర్చుకుంటాడు? నోరు మూసుకోవడం నేర్చుకుంటాడు.

ఇక్కడ సాధన గురించి ఒక మాట చెప్పుకోవాలి. సాధన ఎవరికీ సుఖంగా ఉండదని, పిల్లల గొణుగుడు పట్టించుకోకూడదని కోచ్‌లు వాదిస్తారు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ 1993లో బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థుల మీద చేసిన ప్రసిద్ధ పరిశోధన వాళ్లకు అండ. లోపాలు సరిదిద్దుకుంటూ చేసే సాధన అభివృద్ధికి అవసరమే తప్ప, దానంతట అది ఆనందం ఇచ్చేది కాదని ఎరిక్సన్ బృందం చెప్పింది. ఆ తర్వాత కుస్తీ, ఫిగర్ స్కేటింగ్, ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఇతర పరిశోధకులు అడిగితే మాత్రం, కష్టమైన సాధనను కూడా చాలామంది ఆస్వాదిస్తున్నామన్నారు. సాధన బాధగా ఉండటం సహజమే కావచ్చు. ఏళ్ల తరబడి అందులో బాధ తప్ప మరేదీ మిగలకపోవడాన్ని సహజమని చెప్పడానికి ఆ పరిశోధన ఒప్పుకోదు.

హైదరాబాద్‌కు ఈ విషయంలో మంచి ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి పి.వి. రమణ 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు, అర్జున అవార్డు గ్రహీత. ఆ ఇంట్లో పొడగరి కూతురు వాలీబాల్ ఆడకపోతే ఇంకెవరు ఆడతారు అనుకోవాలి. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన రోజుల్లో ఆమెకు షటిల్ మీద మనసైంది. తల్లిదండ్రులు తమ ఆటను ఆమె మీద రుద్దలేదు. కోరుకున్న ఆటకు దారి చూపించి, సికింద్రాబాద్ నుంచి గచ్చిబౌలికి రోజూ తిప్పారు. గోపీచంద్ అకాడమీలో క్రమశిక్షణ తక్కువేమీ కాదు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు ఆమె చేతిలో ఫోన్ కూడా లేదు. ఆట తాను ఎంచుకున్నదైతే అంత కఠినత్వాన్నీ భరించవచ్చు. ఎంచుకోనిదైతే అదే నియమం జైలులా తోస్తుంది.

అగస్సీ కూడా చివరికి ఆటను తానే ఎంచుకునే చోటికి వచ్చాడు. 1997 నవంబరులో అతని ర్యాంకు 141కి పడిపోయింది. మత్తుమందు వాడాడు, పరీక్షలో దొరికి అబద్ధం చెప్పి తప్పించుకున్నాడు. ఆ సంగతీ పుస్తకంలో తానే బయటపెట్టాడు. మానేస్తావా, మొదటి నుంచి మొదలుపెడతావా అని కోచ్ బ్రాడ్ గిల్బర్ట్ అడిగాడు. ఇరవై ఏడేళ్ల జీవితంలో టెన్నిస్ గురించి అగస్సీ తన మనసును తాను అడిగి తీసుకున్న తొలి నిర్ణయం బహుశా అదే. గ్రాండ్‌స్లామ్ విజేత చాలెంజర్ టోర్నీలకు వెళ్లి, ఖాళీ స్టాండ్ల ముందు ఆడాడు. 1999లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ పూర్తి చేశాడు. లాస్ వెగాస్‌లో పేద పిల్లల కోసం 2001లో బడి తెరిచాడు. చదువుకునే అవకాశం దక్కని తనకు, ఆ బడికి డబ్బు తేవడం ఆడటానికి ఒక కారణమైంది. అతని ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లలో ఐదు ఆ పతనం తర్వాత వచ్చినవే. టెన్నిస్ మీద అసహ్యం పోయిందని అతను చెప్పలేదు. దాన్ని వెంటబెట్టుకునే, వెన్నునొప్పికి ఇంజెక్షన్లు పొడిపించుకుంటూ, 2006 యూఎస్ ఓపెన్ దాకా ముప్పై ఆరేళ్ల వయసులో ఆడాడు.

ఆష్లీ బార్టీకి అంత దూరం పోవలసిన అవసరం రాలేదు. పదిహేనేళ్లకు జూనియర్ వింబుల్డన్ గెలిచిన ఈ ఆస్ట్రేలియా అమ్మాయి, 2014లో పద్దెనిమిదేళ్లకే టెన్నిస్ వద్దంది. ఎదిగే దశలో ప్రయాణాలు, జనం ఆశలు ఆమెను కుంగదీశాయి. మామూలు పిల్లలా ఉండాలనుకుంది. ఇంటికెళ్లి, కొన్నాళ్లకు క్రికెట్ పట్టుకుని, బిగ్ బాష్ మహిళల లీగ్ మొదటి సీజన్లో బ్రిస్బేన్ హీట్ తరఫున ఆడింది. 2016లో తనంతట తాను టెన్నిస్‌కు తిరిగి వచ్చింది. 2019లో ఫ్రెంచ్ ఓపెన్, 2021లో వింబుల్డన్ గెలిచింది. 2022 జనవరిలో, 44 ఏళ్ల తర్వాత సొంతగడ్డ మీద ఆస్ట్రేలియన్ ఓపెన్ సింగిల్స్ గెలిచిన ఆస్ట్రేలియా క్రీడాకారిణి అయింది. రెండు నెలలకు, మార్చి 23న, ప్రపంచ నంబర్ వన్‌గా ఉండగానే, ఇరవై ఐదేళ్లకు పూర్తిగా విరమించింది. ఇక ఇవ్వడానికి తనలో ఏమీ మిగల్లేదని చెప్పింది. నంబర్ వన్ స్థానంలో ఉండి ఎలా మానేస్తుందని చాలామంది అడిగారు. 2014లో ఆమె మానేసినప్పుడు ఇంట్లోవాళ్లు ఆపి ఉంటే, ఆ తర్వాత మూడు టైటిళ్లూ వచ్చేవా అన్నది అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న. మన అకాడమీల్లో పిల్లలను చేర్పించేటప్పుడు ఫీజు, హాస్టలు, షూస్ సైజు అన్నీ ఫారంలో రాయించుకుంటారు. ఆర్నెల్లకోసారి అమ్మానాన్నలను బయట కూర్చోబెట్టి, ఇంకా ఆడాలని ఉందా అని పిల్లను ఒంటరిగా అడిగి, చెప్పిన జవాబును అదే ఫారంలో రాసే వరస కూడా ఒకటి పెట్టవచ్చు. దానికి డబ్బు ఖర్చు కాదు. లేదన్న పిల్లకు నెల రోజులు సెలవిచ్చి, ఆమె చోటు ఆమెకే ఉంచాలి.